ప్లేలిస్టు శాస్త్రం: చాందా శాఖ

వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో గానం ఉంది, వాద్యం ఉంది, పూలు గుచ్చడం ఉంది, చిలకకూ గోరువంకకూ మాటలు నేర్పడం కూడా ఉంది. పాటల్ని ఒకదాని వెనక ఒకటి పేర్చే కళ మాత్రం లేదు. ఆ రోజుల్లో పాడేవాడు ఎదురుగా కూర్చునేవాడు. తర్వాతిది ఏమిటని అతన్నే అడిగేవారు. ఇప్పుడు పాడేవాడు చొక్కా జేబులో ఉన్నాడు, అడిగితే పలకడు. ఆ లోటు పూడ్చడానికి మేము ఈ శాస్త్రం ఆరంభిస్తున్నాము.

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పకుండా అడుగు ముందుకు పడదు. విషయం: జేబులో పట్టే సంగీతయంత్రంలో ప్లేలిస్టు కట్టడం, కట్టినదాన్ని కాపాడుకోవడం. ప్రయోజనం: ఏమీ లేదు. ఉంటే ఇది ఉద్యోగం అయ్యేది, శాస్త్రం అయ్యేది కాదు. సంబంధం: పాటకీ పాటకీ ఉన్నది కొంత, పాటకీ పక్కవాడికీ ఉన్నది చాలా. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు ఎవరు? పాటలు వినడం ఇష్టమున్నవాడు అని తొందరపడి చెప్పేవాళ్ళున్నారు. అది ఎంత తప్పో చివర తేలుతుంది.

ఇంతకీ చాందాలోనే ఎందుకు పుట్టింది ఇది? కాగితాల మీద చంద్రపూర్ అయినా పెద్దవాళ్ళ నోట ఆ ఊరు ఇంకా చాందాయే. ఇదే శాస్త్రం గుడివాడలో పుట్టి ఉంటే ఒక్క భాషతో తెమిలిపోయేది. చాందా తెలుగువాడికి ఇల్లు తెలుగు, బడి మరాఠీ, బజారు హిందీ. వార్ధా నదికి అవతలున్న రాజురా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. పటం మీద గీత జరిగింది గాని మనుషులు జరగలేదు. ఇవతల బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు, ఊరి చుట్టూ బొగ్గు గనులు, వాటి కోసం రైలెక్కి వచ్చిన కరీంనగర్ వాళ్ళు, ఆదిలాబాద్ వాళ్ళు. మూడు భాషలున్న ఇంట్లో ప్లేయరు ఒక్కటే ఉంటే ఏం జరుగుతుందో అదే ఈ శాస్త్రానికి విత్తనం.

నీరు పోసినది మాత్రం ఎండ. మే నెలలో ఇక్కడ 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా కూలర్ ముందు కూర్చోవడం తప్ప మనిషి చేయగలిగింది లేదు. గ్రీసులో తీరిక వల్ల తత్వశాస్త్రం పుట్టిందంటారు. చాందాలో కూలర్ వల్ల ఇది పుట్టింది. కూలర్ మోతలో పాట వినపడదు కాబట్టి మిగిలిన పని పాటల్ని సర్దుకోవడమే.

*

ఇప్పుడు లక్షణ ప్రకరణం. పాటల సమూహం ప్లేలిస్టు అంటే అతివ్యాప్తి దోషం: క్యాసెట్ల దుకాణంలో గోడ అలమరా కూడా పాటల సమూహమే, దాన్ని ఎవరూ ప్లేలిస్టు అనరు. నచ్చిన పాటల సమూహం అంటే అవ్యాప్తి: పెళ్ళింటి లిస్టులో ఎవరికీ నచ్చని పాట ఒకటి తప్పకుండా ఉంటుంది, దాన్ని పెట్టమన్నది పెళ్ళికొడుకు మేనమామ కాబట్టి తీయడానికి లేదు. సరే, పాటలు కలిగినది ప్లేలిస్టు అందామా? అది అసంభవ దోషం. ఏ ప్లేలిస్టులోనూ పాటలుండవు.

నమ్మనివాళ్ళు ఎంత్రీయూ అనే తోక ఉన్న ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడవచ్చు. అందులో రాగం లేదు, తాళం లేదు. వరసగా చిరునామాలున్నాయి: ఫలానా ఫోల్డరులో, ఫలానా పేరుతో ఉన్న ఫైలు. ప్లేయరు ఆ చిరునామా పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి తలుపు కొడుతుంది. నాలుగు వందల పాటల లిస్టు బరువు ఒక్క పాటలో వందో వంతు కూడా ఉండదు.

ఒకే పాట రెండు లిస్టుల్లో ఉన్నా పాట రెండు కాదన్న సంగతి కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తల తిప్పుతుంది. చాందా వాళ్ళకు తిప్పదు. మా జిల్లా జివతీ తాలూకాలో పరందోళి, ముకదంగూడ లాంటి డజను పైచిలుకు ఊళ్ళున్నాయి. అవి మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. అక్కడి జనం రెండు రాష్ట్రాల ఓటరు జాబితాల్లోనూ ఉన్నారు, రెండు రేషను కార్డులు పట్టుకు తిరుగుతారు. మనిషి ఒక్కడే, జాబితాలు రెండు. ఒక జాబితాలో పేరు కొట్టేసినంత మాత్రాన అతను ఇల్లు ఖాళీ చేయడు. ప్లేలిస్టు తత్వాన్ని ఇంతకంటే బాగా చెప్పిన పాఠ్యపుస్తకం మాకు దొరకలేదు.

దీనికి విపర్యయం కూడా ఉంది, ఇళ్ళలో కన్నీళ్ళు పెట్టించేది అదే. లిస్టులోంచి పాట తీస్తే పాట ఉంటుంది. ప్లేయర్లోంచి పాట తీస్తే లిస్టులో దాని పేరు మిగిలిపోతుంది, నొక్కితే పలకదు. కంప్యూటర్లో ఐట్యూన్స్ ఆ పేరు పక్కన ఓ ఆశ్చర్యార్థకం పెడుతుంది. చవక ప్లేయర్లు ఆ మర్యాద కూడా చేయవు, గమ్మున పక్క పాటకు దూకుతాయి. పిల్లవాడు ఆటకు చోటు కావాలని తాత భజనల్ని తుడిచేశాడనుకోండి. తాతకు లిస్టు చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంటుంది. యంత్రం చెడిందని ఆయన దుకాణానికి నడుస్తాడు. దుకాణం కుర్రవాడు అన్నీ ఉన్నాయి కదా అని లిస్టు చూపిస్తాడు. ఇద్దరిదీ నిజమే.

*

పూర్వాచార్యుల్ని స్మరించకపోతే కృతఘ్నత. ఈ శాస్త్రానికి ఆదిగురువులు రికార్డింగ్ సెంటర్ల వాళ్ళు. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టిన క్యాసెట్టు మన దగ్గర ఎనభైల్లో ఇంటింటికీ వచ్చింది. ఖాళీ క్యాసెట్టు కొని, తెల్ల కాగితం మీద పాటలు వరసగా రాసి ఇస్తే నాలుగు రోజులకు నింపి ఇచ్చేవారు. ఆ తెల్ల కాగితమే మన మూలగ్రంథం. అప్పటి లిస్టుకు ఇప్పటి లిస్టుకు లేని గుణం ఒకటుంది: దానికి అంతం ఉండేది. అరవై క్యాసెట్టుకు వైపుకు ముప్పై నిమిషాలు, తొంభైకి నలభై అయిదు. పాట నాలుగున్నర నిమిషాలనుకుంటే ముప్పైలో ఆరు పడతాయి, మూడు నిమిషాలు మిగులుతాయి.

ఆ మూడు నిమిషాల మీద రెండు సంప్రదాయాలు వెలిశాయి. శూన్యవాదులు దాన్ని ఖాళీగా వదిలేవారు. టేపు సర్రుమంటూ తిరుగుతుంటే వినేవాళ్ళు ఓపిగ్గా కూర్చునేవారు. ఖండవాదులు ఏడో పాట ఎక్కించేవారు, అది రెండో చరణం దగ్గర టక్కున తెగేది. ఒక తరం మొత్తానికి కొన్ని పాటలకు రెండో చరణం తెలియదు. వాళ్ళ ముందు ఇప్పుడు పూర్తి పాట వేసి చూడండి. మొదటి చరణం దాకా కలిసి పాడతారు, తెగే చోటు రాగానే నోరు మూస్తారు, ఆ తర్వాత వచ్చేదాన్ని పరాయివాడిని చూసినట్టు చూస్తారు. ఖండవాదం నెగ్గిందని మా అభిప్రాయం.

తర్వాత చిప్పు యుగం. అందులో లిస్టు లేదు, దుకాణదారుడి దయ ఉంది. రెండు జీబీల చిప్పు ఇచ్చి పాతవి ఎక్కించు అంటే ఆయన కంప్యూటర్లో పాతవి అనే ఫోల్డరు మొత్తం పట్టి కుమ్మరించేవాడు. నిమిషానికి ఒక ఎంబీ చొప్పున లెక్కేసుకుంటే నాలుగు వందల పైచిలుకు పాటలు. చవక ప్లేయర్లు పాటల్ని అక్షరక్రమంలో కాక, చిప్పు మీదికి ఏ వరసలో ఎక్కాయో ఆ వరసలోనే పాడతాయి. ఫలితంగా ఒకే దుకాణానికి వెళ్ళిన వీధి మొత్తానికి ఒకే వరస. ఈ ఇంట్లో మొదలైన పాట అయిపోకముందే పక్క ఇంట్లో తర్వాతిది వినిపించేది, ఎందుకంటే వాళ్ళు అయిదు నిమిషాలు ముందు మీట నొక్కారు. ఇందులో దాపరికం లేదు, ఎంపిక లేదు, కాబట్టి తగవూ లేదు. ఈ శాస్త్రం అవసరం లేని ఏకైక కాలం అదే. కనుక దాన్ని ఇక్కడితో వదులుతున్నాము.

అసలు యుగం వేరు. 2001 అక్టోబరు 23న ఆపిల్ కంపెనీ అయిదు జీబీల ఐపాడ్ చూపించి వెయ్యి పాటలు జేబులో పడతాయంది. వెయ్యి పాటలు ఇంట్లో ఉన్నవాళ్ళు అప్పుడు చాందాలో లెక్కకు కూడా లేరు, కాబట్టి ఆ వార్త ఇక్కడ ఎవరినీ నిద్రలేపలేదు. కొన్నేళ్ళకు అమెరికా నుంచో బెంగళూరు నుంచో వచ్చిన అల్లుళ్ళు తమ పాత ఐపాడ్‌లను మామగార్లకు వదిలి వెళ్ళడం మొదలుపెట్టాక ఇక్కడి పాండిత్యం వికసించింది.

*

నామ ప్రకరణానికి వస్తే, ఇది పూర్తిగా దుఃఖకాండ.

ఎంపీత్రీ పాటకు పేరు ఎక్కడ రాస్తారు? 1996లో వచ్చిన ఐడీత్రీ పద్ధతి ప్రకారం ఫైలు చివర 128 బైట్లలో. పాట పేరుకు ముప్పై, గాయకుడికి ముప్పై, ఆల్బమ్‌కు ముప్పై, ఏడాదికి నాలుగు, వ్యాఖ్యకు ముప్పై, పాట జాతికి ఒకటి, తక్కిన మూడూ గుర్తు కోసం. రోమన్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు యూనికోడ్‌ను యూటీఎఫ్-8లో రాస్తే ఒక్కో చిహ్నం మూడు తింటుంది, గుణింతమూ సున్నా కూడా విడిగా తింటాయి. ఘంటసాల వెంకటేశ్వరరావు అని పూర్తిగా రాసి చూడండి. ఘంటసాలకు పద్దెనిమిది, ఖాళీకి ఒకటి, మిగిలిన పదకొండులో 'వెం' దాకా పడుతుంది. తెర మీద 'ఘంటసాల వెం' అని తేలుతుంది, పక్కన విరిగిన అక్షరం తాలూకు ఓ డబ్బా. రెవెన్యూ రికార్డుల్లో పేర్లు చూసి అలవాటైన కళ్ళకు ఇందులో తప్పేమీ కనిపించదు.

చాలా యంత్రాలకు తెలుగు లిపి రాకపోవడం ఇంకో అధ్యాయం. అక్కడ అన్నీ డబ్బాలే. మా కాలనీలో ఒక పెద్దాయన నాలుగు డబ్బాలు, ఖాళీ, అయిదు డబ్బాలు అంటే ఫలానా పాట అని గుర్తుపెట్టుకున్నారు. ఆయనకు లిపి అవసరం లేని దశ వచ్చేసిందని మేము గౌరవిస్తాము.

అందుకని రోమన్ లిపికి పోతే వేరే గొడవ. బాలసుబ్రహ్మణ్యం గారి పేరు రోమన్‌లో ఒక్కొక్క ఫైలులో ఒక్కొక్క రకం: ఒకచోట హ కారం ఉంటుంది, ఒకచోట ఉండదు, ఒకచోట ఎస్పీబీ, ఒకచోట బాలు. యంత్రానికి నామ భేదమే రూప భేదం, కాబట్టి ఒకే మనిషి నలుగురు గాయకులవుతారు, నలుగురి పాటలూ వేరువేరు అరల్లో పడతాయి. ఆయన అన్ని వేల పాటలు పాడారంటే నమ్మనివాళ్ళకు ఇది ఒక సమాధానంగా కనిపించవచ్చు.

పాట జాతికి ఒక్క బైటు అన్నాము కదా. మొదటి జాబితాలో ఎనభై జాతులు, సున్నా నుంచి లెక్క. సున్నా అంటే బ్లూస్, అమెరికాలో నల్లజాతివాళ్ళ శోకగానం. మన వాళ్ళు పాట ఎక్కించేటప్పుడు ఆ గడి పట్టించుకోరు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖాళీ గడిలో సున్నా వేస్తాయి. అలా అన్నమయ్య కీర్తన బ్లూస్, బతుకమ్మ పాట బ్లూస్, పెళ్ళి సన్నాయి కూడా బ్లూసే. ఆ చివరి వర్గీకరణ గురించి అనుభవజ్ఞులు వాదించరు.

లిస్టు పేర్ల గురించి ఒక్క మాటతో సరిపెడతాము. కొత్తవి అని పేరు పెట్టిన లిస్టే ఇంట్లో అన్నిటికంటే పాతది.

*

శాస్త్రానికి ప్రాణం క్రమం. పది పాటలున్నాయి. వాటిని ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? ఈ ప్రశ్న ఐపాడ్ కంటే చాలా ముందే అడిగారు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో, పది చేతుల శంభుడు పది ఆయుధాలను చేతులు మార్చి పట్టుకుంటే ఎన్ని మూర్తిభేదాలు అని లెక్క ఇచ్చాడు. జవాబు 36,28,800. నాలుగు చేతుల విష్ణువుకైతే ఇరవై నాలుగే, అందుకే వైష్ణవుల ప్లేలిస్టులు పొట్టిగా ఉంటాయని ఒక ప్రక్షిప్త వాక్యం. పది పాటల వరస ఒక్కసారి వినడానికి ముప్పావు గంట అనుకుంటే, అన్ని వరసలూ వినడానికి రాత్రింబగళ్ళు సుమారు 310 ఏళ్ళు పడుతుంది. మరి పాటలు పదేనా? నాలుగు వందలు.

దేవగిరి యాదవుల ఆస్థానంలో, అంటే ఈ మహారాష్ట్రలోనే, పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో ఏడు స్వరాలకు 5,040 వరసలు కట్టి, ఇంకో అడుగు వేశాడు. వరస సంఖ్య చెబితే వరస ఏదో కనిపెట్టడం నష్టం. వరస చెబితే దాని సంఖ్య కనిపెట్టడం ఉద్దిష్టం. మన ఇళ్ళలో రెండూ రోజూ జరుగుతాయి. 'పదిహేడో పాట పెట్టు' అని అత్తగారు అంటే అది నష్టం. 'అదేరా, మొన్న పప్పు మాడినప్పుడు వచ్చింది, దాని వెనకది' అంటే అది ఉద్దిష్టం. ఖండమేరువు గీసి శార్ఙ్గదేవుడు మొదటిదాన్ని సులువు చేశాడు. రెండోదానికి ఆయన దగ్గర కూడా పప్పు ప్రస్తావన లేదు.

మూడు భాషల ఇంట్లో క్రమం లెక్కల వ్యవహారంగా మిగలదు, సంధి కార్యం అవుతుంది. తెలుగు పాట వెనక మరాఠీ పాట నేరుగా వేస్తే ఒకరు లేచిపోతారు. మధ్యలో రెండు వైపులా చుట్టరికం ఉన్న పాట ఒకటి పడాలి. హిందీ నుంచి తెలుగుకు దిగడానికి బాలు గారే మెట్టు: ఏక్ దూజే కే లియే, మైనే ప్యార్ కియా పాటలతో హిందీ వైపు ఎవరూ ఆయన్ని పరాయివాడనుకోరు. తెలుగు నుంచి మరాఠీ వైపు పోవాలంటే ఆశా భోస్లే ఉన్నారు, చిన్ని కృష్ణుడులో ఆర్.డి. బర్మన్ కట్టిన తెలుగు పాట పాడిన ఆవిడే. లతా మంగేష్కర్ 1955లోనే సంతానం కోసం తెలుగులో పాడారు, కాబట్టి ముసలివాళ్ళ దగ్గర ఆవిడ చెల్లుతారు. కుర్రకారుకు అజయ్-అతుల్ చాలు. షాక్ సినిమాకు తెలుగులో సంగీతం ఇచ్చిన ఆ అన్నదమ్ములే సైరాట్ పాటలు కట్టారు. పైగా ఆ మరాఠీ కథలో పారిపోయిన జంట వచ్చి పడేది హైదరాబాదులో. ఇంతకంటే మంచి సంధి పాట కోసం వెతకడం దురాశ.

ఇవన్నీ ఎందుకు, షఫుల్ నొక్కితే పోలా అని పూర్వపక్షం. ఇది బద్ధకస్తుల మతం, దీన్ని ఖండించాలి.

షఫుల్‌కు వేళ తెలియదు. ఎమ్మెస్ సుప్రభాతం అది రాత్రి పదకొండుకు తెస్తుంది. నాలుగు భాగాలూ నాలుగు ఫైళ్ళుగా ఉంటే ముందు మంగళం పాడి, ప్రపత్తి చేసి, రెండు డ్యూయెట్లు విన్నాక స్వామిని నిద్రలేపుతుంది. పైగా అది న్యాయంగా ఉన్నప్పుడు కూడా అన్యాయంగా కనిపిస్తుంది. లిస్టులో సగం పాటలు ఒకరివే అయితే, ఒకటి ముగిశాక తర్వాతిది కూడా ఆయనదే కావడానికి సగం అవకాశం ఉంది, అది లెక్క. వినేవాడు మాత్రం యంత్రం పక్షపాతం చూపిస్తోందని అలుగుతాడు. జనం ఫిర్యాదులు భరించలేక 2005లో ఆపిల్ వాళ్ళు ఐట్యూన్స్‌లో స్మార్ట్ షఫుల్ పెట్టారు, ఒకే గాయకుడు వెంటవెంటనే తగలకుండా సర్దే మీట. యాదృచ్ఛికంగా అనిపించాలంటే యాదృచ్ఛికత తగ్గించాల్సి వచ్చిందని స్టీవ్ జాబ్స్ స్వయంగా వివరించాడు. అంటే షఫుల్ చేసే యంత్రం కూడా చివరికి క్రమానికే మొక్కింది. పూర్వపక్షం పరాస్తమైంది.

*

దేశకాలాల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే లిస్టుకు చోటు మారితే శీలం మారుతుంది.

గనిలోకి ప్లేయరు వెళ్ళదు. మీథేన్ ఊరే చోట నిప్పురవ్వ పుట్టించే వీలున్న ఏ పరికరమూ ఉండకూడదు, అగ్గిపెట్టె ఎంతో ఇదీ అంతే. కాబట్టి గని కార్మికుడి లిస్టు ఇంటి నుంచి గేటు దాకా ఉన్న దారంత పొడుగే. మూడు పాటలు. నాలుగోది ఎప్పుడూ మొదలవుతుంది, ఎప్పుడూ పూర్తికాదు. ఖండవాదం క్యాసెట్లతో పోలేదన్నమాట.

దీనికి ఎదురుగా రైలు లిస్టు, అన్నిటిలోకీ విస్తారమైనది. బల్లార్షా స్టేషన్లో కాజీపేట వైపు బండి ఎక్కినవాడు వార్ధా వంతెన దాటేవరకు మరాఠీ పాట ఉంచడం ఆచారం, ఊరి ఉప్పు తిన్నందుకు. విరూర్ దాటాక హిందీ. సిర్పూర్ టౌన్ రాగానే తెలుగు, అందులోనూ పాతవి, ఎందుకంటే పక్కన కూర్చున్న అత్తయ్య ఎడమ చెవి మొగ్గ అడుగుతుంది. కాగజ్‌నగర్‌లో సమోసాలు, అప్పుడు పాట ఆపాలి. బెల్లంపల్లి, మందమర్రి మీదుగా ప్రేమగీతాలు నిషిద్ధం: ఆ వైపు చుట్టాలెవరో ఒకరు ఎక్కే ప్రమాదం ఉంది, పలకరిస్తే చెవిలోది తీయాలి, తీసినప్పుడు అది బయటికి వినపడుతుంది. మంచిర్యాల దాటి గోదావరి వంతెన మీదికి వచ్చాక ఏ పాటైనా సరే ఆపి రూపాయి బిళ్ళ వెతుక్కోవాలి. ఈ కాండలో మాకు ఒకే సందేహం మిగిలింది. తిరుగు ప్రయాణంలో లిస్టును తలకిందులు చేయాలా, మళ్ళీ మొదటి నుంచి పెట్టాలా? తలకిందులు చేయాలన్నవాళ్ళు తర్కానికి దగ్గర. కాని తిరుగు ప్రయాణంలో అందరూ నిద్రపోతారు కాబట్టి ఈ చర్చకు ఫలితం లేదు.

చైత్రంలో మహాకాళి జాతరకు నాందేడ్ వైపు నుంచీ తెలంగాణ నుంచీ జనం దిగినప్పుడు ఊళ్ళో ఏ లిస్టూ పనిచేయదు. ఆ రోజుల్లో మైకుదే రాజ్యం, ప్లేయరు బీరువాలో ఉండాలి.

*

ఇప్పుడు సిద్ధాంతం. లిస్టు కట్టేవాడు పాట వినడు.

ఇది నింద కాదు, పరిశీలన. పాట మొదలైన నలభై సెకన్లలో అతనికి ఇది ఇక్కడ కాదు, రెండు మెట్లు కింద ఉండాలి అనిపిస్తుంది. బొటనవేలు కదులుతుంది. పాట సర్దుకునేలోపు పక్కది మొదలవుతుంది, దానికీ అదే గతి. ఐట్యూన్స్‌లో పాట చివరి దాకా వెళితేనే విన్నట్టు లెక్క పడుతుంది. అందుకని కట్టేవాడికి ప్రాణమైన పాటలన్నిటికీ లెక్క సున్నా. చంటిపిల్ల కోసం పెట్టిన జోలపాట, పిల్ల పడుకున్నా తల్లి పడుకున్నా తెల్లవారుదాకా మోగుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎక్కువసార్లు విన్న పాటల్లో అదే మొదటిది. ఆ మొదటి ఇరవై అయిదింటికి యంత్రమే ఓ లిస్టు కట్టి ఇస్తుంది. ఎవరికీ తోచనప్పుడు ఆ లిస్టే పెడతారు. పెట్టినకొద్దీ వాటి లెక్క ఇంకా పెరుగుతుంది. కలిగినవాడికే అన్నీ కలుగుతాయన్నది లోకంలో ఉన్నదే.

2002లో ఐట్యూన్స్‌కు స్మార్ట్ ప్లేలిస్టులు వచ్చాయి. పాటలు చెప్పనక్కరలేదు, నియమం చెబితే చాలు: ఫలానా ఏడాదికి ముందువి, ఫలానా గాయనివి, ఇన్నిసార్లకు మించి విననివి. యంత్రం తనే ఏరి పెడుతుంది. మా సిద్ధాంతానికి పరమ ప్రమాణం ఈ యంత్రంలోనే దొరికింది, లాల్‌పేట వైపు ఉండే ఒక రిటైరైన గని ఓవర్‌మన్ గారి ఇంట్లో. వేళ పట్టింపు ఉన్న మనిషి, చేతికి గడియారం లేకుండా భోజనానికి కూర్చోరు. అల్లుడు వదిలి వెళ్ళిన ఐపాడ్‌లో ఆయన కట్టుకున్న నియమం ఒక్కటే: ఆరు నెలలుగా వినని పాటలు. దాన్ని ఆయన ఇంట్లోని ఉత్తమమైన లిస్టుగా భావించారు. అందరూ మరిచిపోయిన మంచి పాటలన్నీ అందులోకి చేరతాయి కదా.

చిక్కు ఎక్కడుందంటే, ఆ లిస్టులోంచి ఒక పాట చివరి దాకా వింటే అది ఆరు నెలలుగా వినని పాట కాకుండా పోతుంది. నియమం తప్పింది గనుక కంప్యూటరుకు తగిలించగానే యంత్రం దాన్ని లిస్టులోంచి తీసేస్తుంది. మొదట్లో ఆయన రోజూ వినేవారు, లిస్టు రోజూ తరిగేది. కారణం కనిపెట్టాక వినడం మానేశారు. నెలకోసారి తగిలించి చూసుకునేవారు, లిస్టు పెరుగుతూ ఉండేది. నూట డెబ్భై దాటిన రోజు ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించారు, వినిపించలేదు. పాటల మీద ఇంత ప్రేమ ఉన్న మనిషిని మేము ఇంకొకరిని చూడలేదు.

ఆ మే నెలలో ఓ మధ్యాహ్నం కూలర్ చెడిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండటంతో కోడలు వడియాలు పెట్టుకుంటూ ఆ లిస్టే పెట్టుకుని పని అయ్యేదాకా విన్నది. బాగున్నాయి మామయ్యా, ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టుకోలేదు అని కూడా అడిగింది. సాయంత్రం తగిలించి చూస్తే ముప్పై నాలుగు తక్కువ. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే కూలర్ బాగు చేయించారు. చెవి మొగ్గలు, ఛార్జరు తీగ బీరువాలోకి వెళ్ళాయి, తాళం చెవి ఆయన జంధ్యానికి వేలాడుతోంది.